పాత ఎం35ఏ2 ఆర్మీ ట్రక్కుకు టాపెట్ సెట్టింగ్: ఇన్‌లెట్ 10 థౌ, ఎగ్జాస్ట్ 25 థౌ, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే

మీరు అడిగింది ఇది: టెక్సాస్‌లో వేలంలో కొన్న 1971 నాటి ఎం35ఏ2, ఇంజిన్ ఎల్‌డీటీ-465-1సీ. చాలా ఏళ్ళు కదలకుండా ఉన్న బండి. స్టార్ట్ అవుతోంది కానీ పైనుంచి టిక్ టిక్ మంటోంది, పొద్దున్నే మొండికేసి తెల్ల పొగ కొడుతోంది. టాపెట్లు (వాల్వ్ కొనకూ, దాన్ని నొక్కే రాకర్ చేతికీ మధ్య గ్యాప్) సెట్ చేయాలా, గ్యాప్ ఎంత పెట్టాలి, వేడి మీదా చల్లగానా, ఒక్కరే ఉంటే ఇంజిన్ తిప్పడం ఎలా, ఒకాయన 10/25 అంటే ఇంకొకాయన 25/10 అన్నారు, ఏది సరైనది అని.

సూటిగా చెప్తాను. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇన్‌లెట్ 0.010 అంగుళం, ఎగ్జాస్ట్ 0.025 అంగుళం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. మిల్లీమీటర్లలో ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.63. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-5-3-6-2-4. చల్లగా అంటే గంటసేపు ఆపి ఉంచడం కాదు, రాత్రంతా ఆగి ఉండాలి. ఇంత ఇనుము ఉన్న ఇంజిన్ పైన చెయ్యి పెడితే చల్లగానే తగులుతుంది, లోపల వేడి మాత్రం గంటల తరబడి పోదు. సాయంత్రం నడిపి, మర్నాడు పొద్దున కొలవండి.

కానీ శబ్దం వస్తోందని టాపెట్లు బిగించడానికి దిగకండి. ఇంజిన్‌ను పాడుచేసేది శబ్దం చేసే వాల్వ్ కాదు, శబ్దం చేయని టైట్ వాల్వ్. గ్యాప్ ఎక్కువైతే టిక్ మంటుంది, వాల్వ్ కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది, రాకర్ కొన అరుగుతుంది, అంతే. గ్యాప్ లేకపోతే ఏ శబ్దమూ ఉండదు. వేడెక్కాక వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు. మండే వాయువు ఆ సందులోంచి దూసుకుపోతూ వాల్వ్ అంచును, సీటును కాల్చేస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనినప్పుడే హెడ్‌కు వదిలించుకుంటుంది. ఆనడమే తగ్గితే ఇక చల్లబడే దారి లేదు. మీ తెల్ల పొగ, పొద్దుటి మొండితనం చూస్తే నాకు టిక్ టిక్ కంటే ఆ రెండే ముఖ్యంగా కనిపిస్తున్నాయి. ఒకటో రెండో వాల్వులు టైట్‌గా ఉండి కంప్రెషన్ పోతుంటే సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఎగ్జాస్ట్‌కు అంత గ్యాప్ ఎందుకన్న అనుమానం చాలామందికి వస్తుంది. మామూలు ఉక్కు వాల్వ్ కాడ 150 మిల్లీమీటర్ల పొడవుంటే, ప్రతి 100 డిగ్రీల సెల్సియస్ పెరుగుదలకు సుమారు 0.18 మిల్లీమీటర్లు సాగుతుంది. హెడ్ కూడా సాగుతుంది గానీ దాని చుట్టూ నీళ్ళున్నాయి, వాల్వ్ చుట్టూ లేవు. పైగా ఇది టర్బో ఉన్న ఇంజిన్. ఎవరైనా పంపులో డీజిల్ పెంచి పెట్టి ఉంటే ఎగ్జాస్ట్ వేడి ఇంకా పెరుగుతుంది. అందుకే ఈ రెండు అంకెలూ తారుమారైతే ప్రమాదం. ఇన్‌లెట్‌కు 25 పెడితే గోల తప్ప పెద్ద నష్టం లేదు, ఎగ్జాస్ట్‌కు 10 పెడితే బండి ఎక్కువ రోజులు నడవదు. మీకు ఇద్దరు రెండు రకాలుగా చెప్పారన్నారు. 25/10 అని చెప్పినాయన వరుస తారుమారు చేశారు.

ముందు శబ్దం ఎక్కడిదో తేల్చండి. ఇది జర్మనీ మాన్ కంపెనీ పద్ధతి మీద చేసిన ఇంజిన్. పిస్టన్ తలలో బంతిలాంటి గుంట ఉంటుంది, డీజిల్‌ను దాని గోడ మీద పల్చటి పొరలా పరుస్తుంది. ఏ ఇంధనం పోసినా నడవాలని చేసిన ఏర్పాటు ఇది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు కొంత గరగర సహజం. టాపెట్ శబ్దం క్రాంక్ వేగంలో సగం వేగంతో, సన్నగా, పైనుంచి వస్తుంది. ఐడిల్‌లో ఒక్కొక్క ఇంజెక్టర్ పైపు నట్టును కొద్దిగా వదులు చేసి చూడండి. ఒక సిలిండర్ దగ్గర శబ్దం ఆగిపోతే అది మంట తాలూకు నాక్ గానీ ఇంజెక్టర్ గానీ, టాపెట్ కాదు. ఈ పరీక్షకు గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. ఆ పైపులో ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి గుచ్చుకుపోతుంది, వేలితో తడిమి చూడకండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర లీకున్నా అచ్చం టాపెట్‌లాగే టిక్ మంటుంది. చల్లగా ఉన్నప్పుడు వచ్చి, ఇనుము వేడెక్కి సందు మూసుకోగానే తగ్గిపోతే మొదట అక్కడే మసి చార కోసం వెతకండి.

సామాన్లు. ఫీలర్ గేజ్, వీలైతే సన్న ఆకులది, అరంగుళం కంటే వెడల్పు ఉండకూడదు. లాక్ నట్‌కు సరిపోయే రింగ్ పానా, స్క్రూ గాడికి నిండుగా పట్టే స్క్రూడ్రైవర్, రెండు టాపెట్ కవర్ ప్యాకింగులు, సుద్దముక్క, గుడ్డపేలికలు, కాగితం, పెన్ను. ఈ ఇంజిన్‌కు హెడ్లు రెండు, మూడేసి సిలిండర్లకు ఒకటి, కాబట్టి కవర్లూ రెండే. ప్యాకింగ్ కొత్తది చేతిలో లేకుండా కవర్ విప్పకండి, పాత కార్క్ ముక్కలు ముక్కలుగా ఊడుతుంది.

టైర్ల కింద చెక్కలు పెట్టండి, గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్. డ్యాష్‌బోర్డు మీది ఇంజిన్ స్టాప్ పిడి పూర్తిగా బయటికి లాగి అలాగే ఉంచండి. చేత్తో తిప్పబోతుంటే బ్యాటరీల నెగటివ్ తీసేయండి. ఇది 24 వోల్టుల బండి, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. ఛాసిస్‌కు వెళ్ళే నెగటివ్ వైరు తీయాలి గానీ మధ్యలో రెంటినీ కలిపే వైరు కాదు.

కవర్ల చుట్టూ మట్టి గాలితో ఊది, తుడిచి, ఆ తర్వాతే విప్పండి. విప్పగానే నూనె కిందికి దిగే బొక్కల్లో, పుష్ రాడ్ల (రాకర్లను కిందనుంచి తోసే కడ్డీలు) పక్క సందుల్లో గుడ్డ కుక్కండి. నట్టు గానీ వాషర్ గానీ అందులో పడితే కింద ఆయిల్ ప్యాన్ దించాల్సి వస్తుంది. గుడ్డలు ఎన్ని పెట్టారో కాగితం మీద రాసుకోండి.

చాలా ఏళ్ళు నిలిచిన బండి కాబట్టి, పానా పట్టకముందే చూడాల్సినవి ఉన్నాయి. పన్నెండు పుష్ రాడ్లూ రాకర్ గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయా? ఏదైనా పక్కకు జారిందా, వంగిందా? గ్యాప్ ఉన్న ప్రతి రాడ్‌నూ వేళ్ళతో గుండ్రంగా తిప్పండి. నిటారుగా ఉన్నది సాఫీగా తిరుగుతుంది, వంగినది ఊగుతుంది. స్ప్రింగులు విరిగాయా చూడండి. ఒక్క వాల్వ్ దగ్గర మాత్రం గేజ్ అక్కర్లేకుండానే పెద్ద సందు కనిపిస్తే, అది తుప్పుతో గైడ్‌లో ఇరుక్కుని పైకి రాని వాల్వ్ కావచ్చు. దాన్ని స్క్రూతో బిగించి 10 థౌకు తెచ్చారంటే నేరుగా పిస్టన్‌కు తగిలేలా చేసినట్టే. కంప్రెషన్ నిష్పత్తి 22:1 ఉన్న ఇంజిన్‌లో పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య చోటు చాలా తక్కువ. కాడకు పల్చటి నూనె పట్టించి, నానబెట్టి, ప్లాస్టిక్ సుత్తితో స్ప్రింగ్ తలపై చిన్నగా తట్టి వదిలించాలి. వదలకపోతే హెడ్ దించడమే.

ఇంజిన్ తిప్పడం. పనంతటిలో కష్టం ఇక్కడే. ముందునుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ముందు క్రాంక్ పుల్లీ దగ్గర సాకెట్ పట్టే చోటు దొరికితే పొడవాటి బారుతో అదే మంచి దారి. లేదా ఫ్లైవీల్ తనిఖీ మూత తీసి రింగ్ గేర్ పళ్ళకు బారు ఆనించి కొద్దికొద్దిగా జరపవచ్చు, పళ్ళ కొసలు విరక్కుండా బారును పంటి మొదట్లో పెట్టాలి. ఫ్యాన్ పట్టుకుని లాగితే బెల్టు జారుతుందే తప్ప ఇంజిన్ కదలదు, రెక్క మాత్రం వంగుతుంది. టాప్ గేర్‌లో పెట్టి బండిని నెట్టడం దాదాపు ఆరు టన్నుల ఈ ట్రక్కుతో ఒక్కరివల్ల అయ్యే పని కాదు. స్టార్టర్‌తో తాకించి తిప్పాలంటే స్టాప్ పిడి బయటికి లాగి ఉండాలి, బటన్ దగ్గర ఇంకొకరు ఉండాలి, మీరు చేతులు ఎత్తి చూపించాకే వాళ్ళు నొక్కాలి.

మొదటి రెండు పూర్తి చుట్లు మాత్రం చేత్తోనే తిప్పండి. కంప్రెషన్ దగ్గర బరువెక్కి, పట్టి ఉంచితే మెల్లగా వదులుతుంది. వదలకుండా గట్టిగా, ఇనుముకు ఇనుము తగిలినట్టు ఆగితే అక్కడితో ఆపేయండి. అది ఇరుక్కున్న వాల్వ్ గానీ సిలిండర్‌లో చేరిన నీళ్ళు గానీ అయ్యుండాలి. స్టార్టర్ వేస్తే ఆ బలానికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఏ వాల్వ్ ఎప్పుడు. టైమింగ్ గుర్తు వెతకక్కర్లేదు. జంట సిలిండర్లు చూసుకుంటే చాలు: 1-6, 5-2, 3-4. ఒకటి ఓవర్‌ల్యాప్‌లో ఉంటే దాని జంట కంప్రెషన్ పైన ఉంటుంది, అక్కడ రెండు వాల్వులూ పూర్తిగా మూసి ఉంటాయి. ఓవర్‌ల్యాప్ అంటే ఎగ్జాస్ట్ రాకర్ పైకి లేచి ఆగడం, ఆగీ ఆగకముందే ఇన్‌లెట్ రాకర్ దిగడం మొదలవడం. ఆ క్షణం కంటికి స్పష్టంగా తెలుస్తుంది.

ఆరో సిలిండర్ వాల్వులు ఊగేటప్పుడు, అంటే ఓవర్‌ల్యాప్‌లో ఉన్నప్పుడు, ఒకటోది సెట్ చేయండి. మూడోవంతు చుట్టు తిప్పితే రెండోది ఊగుతుంది, అప్పుడు ఐదు. తర్వాత నాలుగు ఊగితే మూడు. ఒకటి ఊగితే ఆరు. ఐదు ఊగితే రెండు. మూడు ఊగితే నాలుగు. మొత్తం రెండు చుట్లలో అన్నీ అయిపోతాయి. పుల్లీ చుట్టూ టేపు చుట్టి కొలిచి, మూడు సమాన భాగాలుగా సుద్ద గీతలు పెట్టుకుంటే ఎక్కడ ఆపాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు. గీత దగ్గర నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ అయినా గ్యాప్ మారదు, క్యామ్ (వాల్వులను తెరిపించే ఉబ్బెత్తుల ఇరుసు) గుండ్రటి భాగం అక్కడ చాలా దూరం ఉంటుంది. కాబట్టి గీత దాటిందని వెనక్కి తిప్పనక్కర్లేదు.

తిప్పడం మరీ కష్టమైతే రెండే చోట్ల ఆగే పద్ధతి ఉంది. ఒకటో సిలిండర్ కంప్రెషన్ పైన ఉండగా ఇన్‌లెట్ 1, 2, 4, ఎగ్జాస్ట్ 1, 3, 5 చేయండి. సరిగ్గా ఒక చుట్టు తిప్పి ఇన్‌లెట్ 3, 5, 6, ఎగ్జాస్ట్ 2, 4, 6 చేయండి. పద్ధతి సరైనదే, కానీ మొదటిసారి చేసేవాళ్ళకు నేను ఆరు ఆగుళ్ళ దారే చెప్తాను. జాబితాలో ఒక్క అంకె తప్పు చదివితే తెరుచుకున్న వాల్వ్‌కు గ్యాప్ పెట్టేస్తారు. ఊగడాన్ని కళ్ళతో చూసి చేస్తే ఆ పొరపాటుకు అవకాశం లేదు.

ఏది ఇన్‌లెట్, ఏది ఎగ్జాస్ట్ అనేది ముందునుంచి లెక్కపెట్టి ఊహించకండి. మానిఫోల్డ్ కొమ్మ ఏ పోర్టుకు వెళ్తోందో చూసి ప్రతి వాల్వ్ పక్కన సుద్దతో గుర్తు పెట్టండి. ఇంజిన్ తిప్పి మరోసారి సరిచూసుకోవచ్చు: ఒక సిలిండర్‌లో ముందు నొక్కుకుని లేచేది ఎగ్జాస్ట్, దాని వెంటనే నొక్కుకునేది ఇన్‌లెట్.

ముందు కొలవండి, రాసుకోండి, ఆ తర్వాతే తిప్పండి. ఈ ఒక్క మెట్టు దాటేసి స్క్రూ మీద చెయ్యి వేస్తే బండి చరిత్ర చెరిపేసినట్టే. పన్నెండు కొలతలూ కాగితం మీద ఉంటే చాలా తెలుస్తుంది. అన్నీ ఒకే తీరున నాలుగైదు థౌలు ఎక్కువగా ఉంటే మామూలు అరుగుదల. ఒక్కటే బాగా ఎక్కువైతే లాక్ నట్ వదులైంది, లేదా పుష్ రాడ్, టాపెట్, క్యామ్‌లలో ఏదో ఒకటి పోయింది. క్యామ్ అనుమానం ఉంటే డయల్ గేజ్‌తో ఆ రాకర్ ఎంత కదులుతోందో పక్క సిలిండర్ దానితో పోల్చండి. ఎగ్జాస్ట్ ఒకటి 25 ఉండాల్సింది 12కో 8కో దిగి ఉంటే ఆ వాల్వ్ సీటులోకి కూరుకుపోతోంది. సెట్ చేసి 500 మైళ్ళు నడిపి మళ్ళీ కొలవండి. నిలిచి ఉంటే సరే. మళ్ళీ దిగితే సీటు పని పడింది, స్క్రూతో తీరేది కాదు.

సెట్ చేసే తీరు ఇది. రింగ్ పానాతో లాక్ నట్ అర చుట్టు వదలండి, స్క్రూడ్రైవర్ గాడిలోనే ఉంచండి. గేజ్ ఆకును కాడ కొనకూ రాకర్‌కూ మధ్య పెట్టి, కొద్దిపాటి పట్టుతో జారేదాకా స్క్రూ తిప్పండి. స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించండి. బిగించాక మళ్ళీ కొలవాలి. నట్ బిగిసేటప్పుడు స్క్రూ పళ్ళలోని సందు మేర పైకి లాగుతుంది, ఒకటి నుంచి మూడు థౌల దాకా తేడా వస్తుంది. ఒక్కొక్కదానికి ఎంత తేడా వస్తోందో రెండు వాల్వులకే చేతికి తెలిసిపోతుంది, ఆ మేరకు ముందే సర్ది బిగించవచ్చు. ఇంచికి 24 పళ్ళున్న స్క్రూ అయితే పావు చుట్టుకు పది థౌలు కదులుతుంది, రాకర్ నిష్పత్తి వల్ల వాల్వ్ దగ్గర ఇంకొంచెం ఎక్కువే. కాబట్టి చివర్లో మణికట్టు కదిలీ కదలనట్టే తిప్పాలి.

"కొద్దిపాటి పట్టు" అనేది మనిషి మనిషికీ మారుతుంది. అందుకే 10 పెట్టాక 9 వదులుగా పోవాలి, 11 దూరకూడదు. ఎగ్జాస్ట్‌కు 24 పోవాలి, 26 పోకూడదు. 25 ఆకు మందంగా బిరుసుగా ఉంటుంది, కొంచెం వాలుగా పెట్టినా పట్టినట్టే అనిపించి మోసం చేస్తుంది. అది లేకపోతే 12, 13 ఆకులు కలిపి పెట్టుకోవచ్చు, మధ్యలో నూనె తుడిచి.

ఇంత పాత బండ్లలో అందరినీ తప్పుదారి పట్టించేది రాకర్ కొన. టార్చి పక్కనుంచి వేసి చూడండి. కాడ తగిలే చోట చిన్న పళ్ళెంలా గుంట పడి ఉంటుంది. వెడల్పు ఆకు ఆ గుంట అంచుల మీద వంతెనలా ఆగిపోతుంది, కింద ఇంకో ఐదారు థౌల సందు లెక్కలోకి రాదు. గేజ్ ప్రకారం పది, నిజానికి పదహారు. సెట్ చేసినా శబ్దం పోవట్లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం. గుంటలో ఇమిడే సన్న ఆకుతో కొలిచి సెట్ చేయండి. గుంట గోరుకు బాగా తగిలేంత లోతుంటే రాకర్ మార్చాలి, లేదా మెషిన్ షాపులో కొన గ్రైండింగ్ చేయించాలి. శబ్దం పోలేదని అంచనాగా ఇంకో పావు చుట్టు బిగిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోవడానికి దారి వేసినట్టే.

హెడ్ బోల్టులు మళ్ళీ టార్క్ చేసే ఆలోచన ఉంటే అది ముందు, టాపెట్లు తర్వాత. హెడ్ ఎంత కొంచెం కిందికి దిగినా రాకర్ షాఫ్ట్ దానితో దిగుతుంది, పుష్ రాడ్ పొడవు మారదు, ఫలితంగా గ్యాప్ తగ్గుతుంది. టార్క్ అంకెలు, బిగించే వరుస మీ ఇంజిన్ ప్లేటు మీది మోడల్‌కు సరిపడే మాన్యువల్‌లోంచే తీసుకోండి: బండికి టీఎం 9-2320-361-20, ఇంజిన్‌కు టీఎం 9-2815-210-34.

అంతా అయ్యాక రెండు చుట్లు తిప్పి, ఆరు చోట్లా మరోసారి ఊరికే కొలవండి. పది నిమిషాల పని, వదిలేసిన లాక్ నట్ ఒక్కటున్నా దొరుకుతుంది. గుడ్డలు లెక్క చూసి తీసేయండి, రాకర్ల మీద, పుష్ రాడ్ గుంటల్లో ఇంజిన్ ఆయిల్ పోయండి. కవర్ అంచులు గీరి శుభ్రం చేసి కొత్త ప్యాకింగ్ వేసి, నట్లు మధ్యనుంచి బయటికి సమంగా బిగించండి. కారుతోందని గట్టిగా నొక్కితే రేకు వంగి ఇంకా కారుతుంది. బ్యాటరీ కలిపి, స్టాప్ పిడి బయటికి లాగి ఉంచి, ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలేదాకా స్టార్టర్ వేసి, ఆ తర్వాతే పిడి లోపలికి తోయండి.

తెల్ల పొగ విషయానికొస్తే, గ్యాప్‌లు సరిచేశాక రెండు మూడు పొద్దులు గమనించండి. చల్లటి స్టార్టింగ్ కోసం ఈ బండికి ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లో ఫ్లేమ్ హీటర్ ఉంటుంది, అది పనిచేస్తోందా చూసుకోండి. ఫ్లేమ్ హీటర్ వేసి ఈథర్ స్ప్రే కొట్టకండి, మానిఫోల్డ్‌లోనే పేలుతుంది. హీటర్ బాగుండి, టాపెట్లు సరిగ్గా ఉండి, ఇంకా ఒక సిలిండర్ మిస్ అవుతుంటే ఇంజెక్టర్ తీసి ఆ రంధ్రంలోంచి గాలి పెట్టి లీక్ పరీక్ష చేయండి. పిస్టన్ పైన, వాల్వులు మూసి ఉన్నప్పుడే పెట్టాలి. గాలి ఒత్తిడికి క్రాంక్ గిర్రున తిరగొచ్చు, బారు పెట్టి ఉంచి చేతులు పోగొట్టుకోకండి. గాలి ఎయిర్ క్లీనర్ వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్, పొగగొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్.

తర్వాత ఏడాదికోసారి కొలిస్తే చాలు. కొలత సరిగ్గా ఉంటే స్క్రూ ముట్టుకోకుండా కవర్ మూసేయండి.

చివరగా ఒక హెచ్చరిక, ఇదే సమాధానం చూసి వేరే బండ్లకు వాడేవాళ్ళ కోసం. ఈ అంకెలు 465 మల్టీఫ్యూయల్ ఇంజిన్‌కే. ఎం35ఏ3లో ఉన్నది క్యాటర్‌పిల్లర్ 3116. ఐదు టన్నుల ఎం809, ఎం923 బండ్లలో కమ్మిన్స్ ఎన్‌హెచ్‌సీ-250 ఉంటుంది, అందులో వాల్వులతోపాటు ఇంజెక్టర్లనూ రాకర్ స్క్రూలతోనే సెట్ చేయాలి, ఆ పద్ధతి పూర్తిగా వేరు. మన దగ్గర జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారైన శక్తిమాన్ కూడా మాన్ లైసెన్సు బండే కదా అని ఇవే గ్యాప్‌లు పెట్టకండి. కంపెనీ పేరు కలిసినంత మాత్రాన క్యామ్, వాల్వ్ పొడవు, హెడ్ ఒకటి కావు. ఊగే వాల్వుల జంట చూసి, ముందు కొలిచి రాసుకుని, తర్వాత సెట్ చేసే పద్ధతి 1-5-3-6-2-4 వరుస ఉన్న ఏ ఆరు సిలిండర్ల ఇంజిన్‌కైనా పనికొస్తుంది. గ్యాప్ అంకె మాత్రం ఆ ఇంజిన్ మాన్యువల్‌లోదే వాడాలి.